సలహాల ఆఫీసులో పెళ్లి రూలు

సలహాలు అమ్మే ఆఫీసు ఒకటి ఉంటుందనీ, అందులో తన మనవరాలు కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటుందనీ మా అవ్వ చివరిదాకా నమ్మలేదు. "సలహాకి డబ్బులా? ఆయో! మా వీధిలో అడక్కపోయినా ఇస్తారే!" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి పగలబడి నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. మా ఊరు మాంటాన్ బ్లాంష్‌లోని తెలుగు ఇళ్ళలో ఆఫీసు మెట్లెక్కిన మొదటి ఆడపిల్లని నేను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, దాచుకోను.

ఆఫీసు ఎత్తు మీది పట్నం క్యూర్‌పైప్‌లో ఉండేది. ఏ నేలలో ఏ చెరకు వెయ్యాలి, వాననీళ్ళని ఏ వైపు మళ్ళించాలి, కొత్త యంత్రం కొనాలా పాతదానికే అతుకులు వెయ్యాలా అని పంచదార మిల్లులకీ, చిన్న రైతుల సంఘాలకీ చెప్పడం మా పని. చెప్పేవాళ్ళు ఇంజనీర్లు. వాళ్ళు చెప్పింది కాగితం మీదకి ఎక్కించేది నేనూ, నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఇంకో టైపిస్టూ. ఆమె క్రియోల్ ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి. నాకు పని నేర్పింది ఆమే. ఊళ్ళో ఎండ కాస్తుంటే క్యూర్‌పైప్‌లో బస్సు దిగేసరికి మంచు కమ్మేసేది. చలికాలంలో కాగితాలు కూడా తడిబట్టల్లా మెత్తబడేవి. మిషను మీటలు బిగుసుకుపోతే నా వేళ్ళ మీద నేనే ఊదుకుంటూ కొట్టేదాన్ని.

మా పాత యజమాని ఫ్రెంచి కుటుంబం పెద్దాయన. మేము పెద్ద ముస్యే, అంటే పెద్ద దొర, అనేవాళ్ళం. ఆయన దేవుడేమీ కాదు. జీతం పిసినారితనంగా ఇచ్చేవాడు, అరిస్తే కిటికీ అద్దాలు కదిలేవి. కానీ రోజూ పొద్దున్నే ప్రతి బల్ల దగ్గరా ఆగి చెయ్యి కలిపేవాడు, ఇంట్లో వాళ్ళ గురించి అడిగేవాడు. తుఫాను వస్తుందని కబురొస్తే అందరికంటే ముందు దూరం ఊళ్ళ వాళ్ళని బస్సెక్కించేవాడు. ఆ మాత్రానికే మేము ఆయన అరుపులు క్షమించేశాం.

ఒక శుక్రవారం ఆయన అందరినీ పిలిచి కేకు కోయించాడు. ఆఫీసుని లండన్ కంపెనీ ఒకటి కొనుక్కుందని చెప్పాడు. "ఏమీ మారదు, అంతా ఇలాగే ఉంటుంది," అంటూ ఎవరి కళ్ళలోకీ చూడకుండా తన కేకు ముక్క తినకుండానే వెళ్ళిపోయాడు. దీవి మీద ఇంగ్లీషు వాళ్ళ జెండా దిగి మా సొంత జెండా ఎగరబోతోందని అందరూ చెప్పుకునే రోజులవి. మాకు మాత్రం ముందు ఆఫీసు మారింది.

కొత్త మేనేజరు లండన్ నుంచి దిగాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జలుబే, చేతిలో రుమాలు. పొద్దున్న చెయ్యి కలపడం పోయి గంట వచ్చింది. గంట కొడితే పని, గంట కొడితే టీ, గంట కొడితే మళ్ళీ పని. దీవిలో అందరం మాట్లాడుకునే క్రియోల్ భాష ఆఫీసులో వినపడకూడదన్నాడు. శనివారం మధ్యాహ్నం కూడా ఉండాలన్నాడు. ఇంజనీర్లు పొలాలకి వెళ్ళడం తగ్గించి, లండన్‌లో తయారైన నమూనా ప్రకారం గదిలోనే రిపోర్టులు రాయాలన్నాడు. మొత్తం ఎనిమిది మందిమి. ఎనిమిది మందికీ ఎనిమిది రకాల మంటలు. మ్యాపులు గీసే అతనికి శనివారం పోయింది, అంటే ఫుట్‌బాల్ పోయింది. లెక్కలు చూసే చీనా పెద్దాయనకి తన సొంత టీ కెటిల్ పోయింది. టీ గదిలో రోజూ గొణుగుడే. గంట మోగగానే ఎవరి గొణుగుడు వాళ్ళు మింగి బల్లల దగ్గరికి పోయేవాళ్ళం.

ఒకరోజు మేనేజరు కొత్త రూళ్ళ కాగితం నా బల్ల మీద పెట్టి రెండు కార్బన్ కాపీలతో కొట్టమన్నాడు. నాకు చదువుతూ కొట్టే అలవాటు లేదు, అక్షరాలు కళ్ళలోంచి నేరుగా వేళ్ళలోకి పోతాయి. సగం పేజీ కొట్టాక నా వేళ్ళు వాటంతట అవే ఆగాయి. ఆడ ఉద్యోగులు పెళ్లి చేసుకున్న రోజు నుంచి రాజీనామా చేసినట్టే అని ఉంది. ఇప్పటికే పెళ్లయినవాళ్ళకి కొన్ని నెలల గడువు.

నా పెళ్లికి ముహూర్తం పెట్టి అప్పటికి వారమే అయింది.

మిగతా పేజీ ఎలా కొట్టానో నాకు గుర్తులేదు. నా పక్కావిడ కాపీ చదివి కాగితం బోర్లా పెట్టేసింది. ఆమె భర్త రేవులో పని దొరికిన రోజున కూలి, దొరకని రోజున ఇంట్లో. ఆ ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోందని మా ఇద్దరికే తెలుసు. ఆమె ఏడవలేదు. "నీ పెళ్లి ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. "అయితే నాకంటే నువ్వే ముందు పోతావు," అంది.

నాకు కాబోయే ఆయన మా ఊరి సాయంత్రం బడిలో పిల్లలకి తెలుగు చెప్పే మాస్టారు. మంచి మనిషి, కానీ వాళ్ళమ్మ మాట దాటడు. ఆవిడ భర్త పోయాక సొంత చెరకు తోట తనే చూసుకునేది. నోరు తెరిస్తే మూడు మాటలు, నాలుగోది ఆవిడ చెయ్యే చెప్పేది. ఈ రూలు సంగతి తెలిస్తే ఆవిడ సంతోషిస్తుందనే నాకు గట్టి నమ్మకం. కోడలు ఇంట్లో ఉంటే ఏ అత్తకి చేదు? అందుకే వాళ్ళకి చెప్పలేదు, మా నానకి చెప్పాను.

మా నాన మందిరంలో రామభజనకి ముందుండి పాడేవాడు. మా దీవిలో భజన అంటే కూర్చుని వినేది కాదు. మధ్యలో దీపం, చుట్టూ తాళాలతో తిరిగే మనుషులు. ఒకడు పాదం ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు. ఎత్తుకున్నవాడికి దగ్గొస్తే పక్కవాడు పాదం కింద పడనివ్వకుండా పట్టుకుంటాడు. ఎవడికైనా సొంత పాట పాడాలని ఉబలాటం ఉంటే నడుస్తున్న పాట పూర్తయ్యేదాకా ఆగాలి. మాలో చాలామందికి ఆ పాటల అర్థం సగమే తెలుసు. అందుకోవడం మాత్రం పాలతో పాటే వచ్చేది. పాదం చెవిన పడితే నోరు దానంతట అదే కదులుతుంది.

నాన అంతా విని, పార మీది మట్టి గీకుతూ అడిగాడు. "మీరెంతమంది, తిఫీ?" చిట్టితల్లీ అనడానికి ఆయన మాట అదే.

"ఎనిమిది మంది, నానా."

"ఎనిమిది పాటలు ఒక్కసారే పాడుతున్నారు. మరి ఆ దొరకి ఏం వినపడుతుంది? అందుకని ఒక్కటి ఎత్తుకోండి. మిగతావి తర్వాత."

చెప్పడం తేలికే. మర్నాడు టీ గదిలో ఆ మాట అన్నానో లేదో మ్యాపుల అతను లేచాడు. అప్పటికే మా ఇద్దరికీ పడేది కాదు. జెండా మారాలని నేను, మారకూడదని అతను, రోజూ పొట్లాటే. "ఒక్కటే అయితే నీదే ఎందుకు? నా శనివారం సంగతేంటి?" అన్నాడు. నాకూ కోపం వచ్చింది. "నీ శనివారం వచ్చే వారం కూడా వస్తుంది. నా కుర్చీ పోతే మళ్ళీ రాదు. ఈవిడ కుర్చీ పోతే ఇద్దరు పిల్లలు పస్తుంటారు," అని అరిచేశాను. మా పక్కావిడ సంగతి అలా బయట పెట్టినందుకు వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆవిడ తల దించుకోలేదు, అతన్నే చూసింది. ఆఖరికి చీనా పెద్దాయన కప్పు కింద పెట్టి, ఎప్పుడూ పది మాటలు దాటని మనిషి, "ఏం చెప్పాలో నేర్పు. నేను ముందు వెళ్తాను," అన్నాడు. మ్యాపుల అతను కుర్చీని కాలితో తన్ని, "సరే. కానీ తర్వాతి పాట నాది," అన్నాడు.

అలా నేను జీవితంలో మొదటిసారి భజన ముందుండి నడిపాను, అదీ ఇంగ్లీషులో. ఒకటే వాక్యం. "పెళ్లి చేసుకున్న మనిషి పని మరిచిపోదు సార్." ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. నేను అంటాను, వాళ్ళు అందుకుంటారు. నవ్వొచ్చి రెండుసార్లు ఆగిపోయాం. మూడోసారి ఎవరూ నవ్వలేదు.

ఫిర్యాదులుంటే ఒక్కొక్కరుగా తన గదికి వచ్చి చెప్పుకోవాలన్నది మేనేజరు పెట్టిన పద్ధతే. విడివిడిగా అయితే మనుషులు మెత్తబడతారని అతని లెక్క. ముందు చీనా పెద్దాయన వెళ్ళి వాక్యం చెప్పి వచ్చాడు. మేనేజరు మర్యాదగా రాసుకున్నాడు. తర్వాత మ్యాపుల అతను. రాసుకోలేదు, తల ఎత్తి చూశాడు. తర్వాత ఇద్దరు ఇంజనీర్లు. నాలుగో మనిషి దగ్గరకి వచ్చేసరికి మేనేజరు లేచి నిలబడ్డాడు. అద్దం తలుపులోంచి అంతా కనిపిస్తోంది, సగం వినిపిస్తోంది.

"ఇంకేమైనా ఫిర్యాదు ఉందా?"

"ఉంది సార్. ఇది అయ్యాక చెప్తాం."

"మీకు ఇది చెప్పమన్నది ఎవరు?"

"పెళ్లి చేసుకున్న మనిషి పని మరిచిపోదు సార్."

మా పక్కావిడ ఏడో మనిషి. లోపలికి వెళ్ళేటప్పుడు, ఆ రూలు చదివిన రోజు నుంచీ సంచిలో దాచుకుంటున్న పెళ్లి ఉంగరం తీసి వేలికి తొడుక్కుంది. ఎప్పుడూ గొంతెత్తని ఆవిడ మాట ఆ రోజు మెట్ల దాకా వినపడింది. ఆఖరున నేను. అప్పటికి మేనేజరు రుమాలు మొత్తం తడిసింది. నేను నోరు తెరవకముందే చెయ్యి ఎత్తి ఆపాడు. "తెలుసు, తెలుసు. మిస్, ఇది లండన్ రూలు, నేను పెట్టింది కాదు. ఈ ఆఫీసులో పెళ్లి కాబోయేది మీరొక్కరే. ఎవరు మొదలుపెట్టారో నాకు అర్థం కాదనుకున్నారా? పెళ్లిలోపు మీ రాజీనామా నా బల్ల మీద ఉండాలి."

ఆ సాయంత్రం బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఊరు వచ్చేదాకా ఏడ్చాను. ఓడిపోయాం అనుకున్నాను. ఇక దాచి లాభం లేదని బడి వదిలే వేళకి మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన బోర్డు తుడవడం ఆపి నావైపు తిరిగాడు. "నీకు ఆ పని ఇష్టమేనా?" అని అడిగాడు. నన్ను అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. "ప్రాణం," అన్నాను. "అయితే అమ్మకి చెప్పాలి," అన్నాడు.

వెళ్ళి చెప్పాం. ఆవిడ వాకిట్లో కూర్చుని బజారుకి ఆకుకూర కట్టలు కడుతోంది. నేను కథంతా చెప్పాను, ఎనిమిది మందీ ఒకే వాక్యం చెప్పిన సంగతితో సహా. కట్టలు కడుతూనే ఉంది. "ఏం వాక్యం?" అని అడిగింది. చెప్పాను. "ఊఁ," అంది. అంతే. తలుపు దాటుతూ ఆయన నాకేసి చూశాడు, నేను ఆయనకేసి చూశాను. ఆ "ఊఁ" లోంచి ఇద్దరమూ ఏమీ పిండుకోలేకపోయాం.

కొద్ది రోజులకి మా వైపు చిన్న రైతుల సంఘం వాళ్ళు ఆఫీసుకి వచ్చారు. నీళ్ళ కాలవల సలహాకి మా కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకోవాలి. జెండా మారాక పెద్ద మిల్లుల కంటే ఇలాంటి సంఘాల పనే ఎక్కువ ఉంటుందని, లండన్ వాళ్ళు మా ఆఫీసుని కొన్నదే అందుకని అందరికీ తెలుసు. మేనేజరు కొత్త టై కట్టుకున్నాడు. తనకి క్రియోల్ రాదు కాబట్టి మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సంఘం కార్యదర్శి వచ్చాడు, వెనక ముగ్గురు సభ్యులు వచ్చారు. ఆ వెనక, ఉతికిన తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుని, అల్లిన బజారు సంచి చేత్తో పట్టుకుని, నాకు కాబోయే అత్త వచ్చింది.

నా పెన్సిలు కింద పడింది. ఆవిడకి కూడా సంఘంలో తోట ఉంది, రావచ్చు. కానీ ఎప్పుడూ రాలేదు. వచ్చి అందరికంటే ముందున్న కుర్చీలో కూర్చుంది. నన్ను చూసి కనీసం తల కూడా ఊపలేదు.

మేనేజరు టీ తెప్పించాడు, నవ్వాడు, ముందుగా మీరేమైనా చెబుతారా అని సంఘాన్ని అడిగాడు. కార్యదర్శి గొంతు సవరించుకునేలోపే ఆవిడ మొదలుపెట్టింది, క్రియోల్‌లో, తోటలో కూలీలకి వినపడే గొంతుతో. "కాఁ ఎన్ ఫామ్ మార్యె, లి పా బ్లియె సో త్రావాయ్."

"ఏమంటున్నారు?" అన్నాడు మేనేజరు నావైపు వంగి.

"పెళ్లి చేసుకున్న మనిషి పని మరిచిపోదు, అంటున్నారు సార్."

అతని ముఖం ఎర్రబడింది. ఆవిడ ఆగలేదు. "నా పెళ్లయిన మూడో రోజున నన్ను చెరకు తోటలోకి పంపారు. ఒంటి మీద పసుపు కూడా ఆరలేదు. రాజీనామా చెయ్యమని ఏ దొరా రాలేదే! ఎండలో వంగి చెయ్యడానికి పెళ్లయినది పనికొస్తుంది, నీడలో కూర్చుని చెయ్యడానికి పనికిరాదా? అడుగు ఆయన్ని."

అదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. చెబుతుంటే నా వెన్ను దానంతట అదే నిటారు అయింది. ఆవిడ మళ్ళీ మొదటి వాక్యం ఎత్తుకుంది. అప్పుడు జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. కార్యదర్శి మా నాన భజనలో తాళం వేసే మనిషి. పాదం రెండోసారి వినపడేసరికి అతని నోరు అందుకుంది. "కాఁ ఎన్ ఫామ్ మార్యె..." పక్కనున్న ముగ్గురూ అలవాటు కొద్దీ అందుకున్నారు. ఒకడి వేళ్ళు బల్ల మీద తాళం కూడా వేశాయి. తలుపు అవతల మ్యాపుల అతను తన తల్లి భాష క్రియోల్‌లో వాక్యం వినపడేసరికి ఆగలేక అక్కడి నుంచే అందుకున్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చబోతే మేనేజరు రుమాలు అడ్డం పెట్టాడు.

"అక్కర్లేదు మిస్," అన్నాడు నీరసంగా. "ఇది నాకు అర్థమైంది."

"కాలవల గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం," అని కార్యదర్శి చక్కటి ఇంగ్లీషులో అన్నాడు. అతనికి నా అనువాదం అవసరమే లేదని అప్పుడు తెలిసింది మేనేజరుకి.

ఆ మధ్యాహ్నమే లండన్‌కి ఉత్తరం వెళ్ళింది. జవాబు రావడానికి పట్టిన వారాల్లో మా అమ్మ చేసిన పిండివంటల రుచి కూడా నాకు తెలియలేదు. పెళ్లికి కొద్ది రోజుల ముందు మేనేజరు అందరినీ గంట కొట్టకుండానే పిలిచి, ఆ రూలు ఈ ఆఫీసుకి వర్తించదని చదివాడు. మా పక్కావిడ నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజులు రెండు చిట్లాయి. మ్యాపుల అతను మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడు శనివారం," అన్నాడు. అదీ గెలిచాం, కొంచెం ఆలస్యంగా. జెండా మారిన రోజున అతను ఇంట్లోంచి బయటికి రాలేదు, నేను వీధుల్లో గొంతు పోయేలా అరిచాను. మర్నాడు పనికి వచ్చి నా బొంగురు గొంతు విని నవ్వాడు. నిమ్మరసం వేసిన టీ చేసి తెచ్చి ఇచ్చాడు.

నా పెళ్లి ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళలాగే జరిగింది. పనిలోకి వెళ్ళాల్సిన పొద్దున మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగా ఉంది. అత్త కాళ్ళకి మొక్కబోతే వెనక్కి జరిగింది. "అది సాయంత్రం చెయ్యొచ్చు. బస్సు పోతుంది, ఆలే, పద!" పరిగెత్తాను. దారిపొడుగునా ఎవరో ఒకరు ఆపి దీవించేవాళ్ళే, చీర పట్టుకుని చూసేవాళ్ళే. బస్సు పోనే పోయింది. తర్వాతి బస్సులో నిలబడి వెళ్ళాను.

క్యూర్‌పైప్‌లో వాన. తడిసిన కొంగుతో, పారాణి కాళ్ళతో చెక్క మెట్లెక్కాను. మిషన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చాడు. నా మెడకేసి చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"మీరు ఆలస్యంగా వచ్చారు," అన్నాడు కోపంగా. "సాయంత్రం ఉండి మిగిలిపోయిన పని పూర్తి చేసి వెళ్ళండి."

"అలాగే సార్," అన్నాను. నవ్వు ఆపుకోలేక నా కుర్చీలో కూర్చుని మిషను వెనక తల దాచుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా చీవాట్లు తిన్నది ఆ ఒక్కరోజే.